పడవ మీద గాలిపటం

"ఏ పన్ను?" అని అడిగింది రిసెప్షనిస్టు తలెత్తకుండా.

"జ్ఞానదంతం. రెండు వైపులా నొప్పి."

"ఎప్పటినుంచి?"

"పుట్టినప్పటినుంచి."

కోడ్ సరిపోయింది. ఆమె బల్ల కింద బటన్ నొక్కగానే ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుంది. అతను లోపలికి వెళ్ళి, పైకెత్తి దించే కుర్చీలో వెనక్కి వాలాడు.

డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో అతని పేరు గాలిపటం. ఆ పేరు పెట్టింది చీఫ్. ఎంత ఎత్తుకి ఎగిరినా దారం తన చేతిలోనే ఉంటుందని ఆయన ఉద్దేశం. బయటి ప్రపంచానికి అతనొక డ్రోన్ కెమెరామన్. ఇంట్లో భార్య దృష్టిలో మాత్రం, వయసొచ్చాక కూడా బొమ్మ విమానాలతో ఆడుకుంటున్న మొగుడు.

చీఫ్‌ని అందరూ డెంటిస్ట్ అంటారు. నిజంగానే పళ్ళ డాక్టరు. కవర్ కోసం నేర్చుకున్న విద్య అసలు ఉద్యోగం కంటే బాగా వంటబట్టింది. ఆర్డర్లన్నీ ఏజెంటు నోట్లో పరికరాలు పెట్టాకే ఇస్తాడు. ఎదురు చెప్పేవాడు ఇంతవరకూ పుట్టలేదు.

"నోరు తెరువు. ఇంకా. ఆ, చాలు. ఇప్పుడు ఆ స్క్రీన్ చూడు."

గోడ మీద వీడియోలు కదిలాయి. అమ్మకానికి పెట్టిన తెల్లని పడవ. సగం లేచిన అపార్ట్‌మెంట్. టూరిస్టుల కోసం తీసిన తీరం ఊళ్ళు, ఎర్రపెంకుల ఇళ్ళు, ఇసుక. అన్నీ ఆకాశం నుంచి తీసినవే. కొన్ని గాలిపటం తీసినవే.

"ఏముంది ఇందులో? ఏమీ లేదు. అదే గొప్ప. పడవని తీస్తే వెనకాల హార్బరు పడింది. బిల్డింగుని తీస్తే పక్కనున్న నేవీ డాక్ గోడ పడింది. ఊరిని తీస్తే కొండ మీద రాడార్ పడింది. ఒక్కో ముక్కా పెళ్ళి వీడియో అంత అమాయకం. ఒక్కచోట అతికిస్తే నేవీ పూర్తి మ్యాపు. సబ్‌మెరైన్ ఏ లోతులోంచి బయటికి పోతుందో, ఆ దారితో సహా. ఎవరో కూర్చుని ఓపిగ్గా అతికించారు. మొత్తం ఒక మెమరీ కార్డులో ఉంది. రేపు మధ్యాహ్నం ఆ కార్డు పడవ మీద చేతులు మారుతుంది. రేపే సబ్‌మెరైన్ బయటికి వస్తుంది. కార్డు వాళ్ళకి చేరిందంటే ఆ దారిలో ముంచిపెట్టే బాంబు కూడా సిద్ధంగా ఉంది."

"ఆ..." అన్నాడు గాలిపటం.

"మాట్లాడకు, సూది జారుతుంది. కొనేవాడు వీడు." తెరమీద గడ్డి టోపీ పెట్టుకున్న ఒక విదేశీ పెద్దమనిషి నవ్వుతూ కనిపించాడు. "వీణ్ణి థాంక్యూ అని పిలుస్తాం. ప్రతిదానికీ టోపీ తీసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని థాంక్స్ చెబుతాడు. మన మనుషులిద్దరికి అలాగే చెప్పాడు. వాళ్ళు మళ్ళీ కనిపించలేదు. ఇక అమ్మే మనిషి."

తెర మారింది. నల్లకళ్ళద్దాలు, తలకి సిల్కు స్కార్ఫు, ఎర్రటి లిప్‌స్టిక్. సినిమా పోస్టరులోంచి దిగొచ్చినట్టున్న ఆడమనిషి.

గాలిపటం కుర్చీలోంచి లేవబోయాడు. డెంటిస్ట్ మోచేత్తో అదిమి పట్టాడు.

"తెలుసు. మీ ఆవిడ అక్క. నీకు వదిన. నీకు పనులిస్తున్న కంపెనీ కూడా ఆవిడదే. అందుకే నిన్ను పంపుతున్నాను. నిన్ను చూసి అనుమానపడదు. రేపు పైనుంచి చూడు. ఆవిడ చేత్తో కార్డు ఇవ్వడం కెమెరాలో పడాలి. అంతే నీ పని. దగ్గరికి వెళ్ళకు, వేలు పెట్టకు."

చివరిగా ఒక పింగాణీ పన్ను బిగించాడు. అందులో స్పీకరు మాత్రమే ఉంది, మైకు లేదు. చీఫ్ మాట నేరుగా దవడలో మోగుతుంది. జవాబివ్వాలంటే పళ్ళు కొరకాలి. ఒకసారి కొరికితే అవును, రెండుసార్లు కొరికితే కాదు.

"ఆఫ్ చేసే బటన్ ఏదీ?" అని అడిగాడు నోరు ఖాళీ అయ్యాక.

"లేదు" అన్నాడు డెంటిస్ట్, చేతులు కడుక్కుంటూ.

* * *

మర్నాడు పొద్దున వదిన ఇంటికే వచ్చింది. చెల్లెలి వంటింట్లో స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతోంది. గాలిపటం ఆమె మొహంకేసి చూడలేక కప్పుకేసి చూస్తున్నాడు. ఈ మనిషేనా? తమ పెళ్ళిలో కరెంటు పోతే కారు హెడ్‌లైట్లు వేయించి ఫోటోలు తీయించిన మనిషి. తనకి జ్వరమొస్తే ఇంటికొచ్చి ఎడిటింగ్ పూర్తిచేసి పెట్టిన మనిషి. నోరు విప్పి అడగాలని ఉంది. అడిగితే మిషన్ పోతుంది. అడక్కపోతే, సాయంత్రానికి ఈ వంటింట్లో నిలబడి భార్యకి ఏం చెప్పాలి?

"ఏంటండీ ఆ మౌనవ్రతం?" అంది భార్య. "మా అక్క పని ఇచ్చిందంటే కాస్త మొహం వెలిగించచ్చు కదా."

"పన్ను నొప్పి" అన్నాడు.

"నిన్నంతా ఆ డాక్టరు దగ్గరే కూర్చున్నారుగా! పీకాడా, పాతాడా?"

వదిన నవ్వింది. కళ్ళద్దాలు తలమీదికి తోసి అతనికేసి చూసింది. "ఇవాళ పడవ కొనే ఆయనొస్తున్నాడు మరిదీ. నువ్వు ఆ కొత్త బిల్డింగు పైనుంచి ఎగరెయ్యి, ఈ నెల ప్రోగ్రెస్ వీడియో కూడా అయిపోతుంది. కానీ ఇవాళ ఎత్తులోనే ఉండు. నేను చెప్పేదాకా కిందికి దింపకు."

"మీ ఇష్టం వదినా."

వంటింట్లో దాచిన మైకులోంచి అంతా విన్న డెంటిస్ట్ గొంతు దవడలో మోగింది. "చూశావా? దగ్గరికి రావద్దంటోంది. దొంగబుద్ధి." గాలిపటం కాఫీ గుటకేశాడు.

* * *

బిల్డింగు పైఅంతస్తులో శ్లాబు పోస్తున్నారు. పంపు పైపులోంచి కాంక్రీటు బుడబుడమని పడుతోంది. పసుపు హెల్మెట్ పెట్టుకుని, మెడలో రిమోట్ వేలాడేసుకుని, గాలిపటం ఒక మూలన నిలబడ్డాడు. రిమోట్‌కి బిగించిన ఫోనే అతని స్క్రీను. ఎవరికైనా ఫోన్ చెయ్యాలంటే దాన్ని విప్పాలి. విప్పితే కళ్ళు పోయినట్టే.

డ్రోన్ సముద్రం మీదికి వెళ్ళింది. పడవ కనిపించింది. డెక్ మీద నలుగురు. వదిన, గడ్డి టోపీ, అతని మనుషులిద్దరు. నీడపట్టు గుడ్డ కింద బల్ల, దానిమీద లాప్‌టాప్. గొంతులు వినిపించవు. డ్రోన్‌కి కళ్ళే గానీ చెవులు లేవు. తన రెక్కల రొదలో అది ఇంకేమీ వినలేదు.

వదిన చెయ్యి చాచింది. థాంక్యూ అరచేతిలో ఏదో పెట్టింది.

రికార్డు లైటు ఎర్రగా వెలుగుతోంది. అంతా పడింది.

"అయిందా?" అన్నాడు డెంటిస్ట్.

ఒకసారి కొరికాడు. ఆ ఒక్క కొరుకుతో వదినని జైలుకి పంపానని అతనికి తెలుసు.

"శభాష్. ఇక వచ్చెయ్."

స్టిక్ తిప్పబోతూ ఆగాడు. థాంక్యూ కార్డుని లాప్‌టాప్‌లో పెట్టి చూశాడు. తీసి, మళ్ళీ పెట్టి చూశాడు. మూత వేసేశాడు. లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, వదిన ముందు మర్యాదగా వంగాడు.

థాంక్స్ చెప్పాడు.

అప్పుడర్థమైంది గాలిపటానికి. ఆ కార్డు ఖాళీది. వదిన వాళ్ళని మోసం చేసింది. ఆమె వాళ్ళ మనిషి కాదు, ఎప్పుడూ కాదు. అతని మనుషుల్లో ఒకడు లంగరు గొలుసు ఎత్తుకుని ఆమె కాళ్ళ దగ్గరికి ఈడ్చుకొస్తున్నాడు.

"వచ్చెయ్ అన్నానా?"

కటకట. రెండుసార్లు.

"ఏంటి కాదు?"

ఏం చెప్పగలడు? మనిషిని చంపుతున్నారని పళ్ళతో ఎలా చెప్పాలి? పిచ్చెక్కినట్టు కొరికాడు. పక్కనే కాంక్రీటు సర్దుతున్న కూలీలిద్దరు అతన్ని చూసి కాస్త దూరం జరిగారు.

"బోటు పంపమంటావా?"

ఒకసారి. గట్టిగా.

"కొండ వెనకాల ఉంది. చుట్టి రావాలి, టైం పడుతుంది. నువ్వు మాత్రం దగ్గరికి వెళ్ళకు."

"సార్, కొంచెం అటు జరగండి" అన్నాడు మేస్త్రీ. "కాంక్రీటు ఇటే వస్తోంది."

"ఒక్క నిమిషం ఆపలేరా?"

"మధ్యలో ఆపితే జాయింటు పడుతుంది సార్. రేపు వానకి కింద ఇల్లంతా కారుతుంది. మీరే జరగాలి." జరిగాడు. స్క్రీన్ మీదనుంచి కళ్ళు తీయకుండా, ఇనప ఊచల మధ్య కాలు వెతుక్కుంటూ జరిగాడు.

డెక్ మీద వదిన తలెత్తింది. నేరుగా కెమెరాలోకి చూసింది. కళ్ళద్దాలు లేవు. ఇన్నేళ్ళలో ఆమె భయపడటం అతను చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఆమె రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి పట్టుకుంది.

ఆ సైగ అతనికి బాగా తెలుసు. పడవ మీద డ్రోన్‌ని డెక్ మీద దించరు. డెక్ ఊగుతుంది, రెక్క తగిలి విరుగుతుంది. ఒకరు చేతులెత్తి నిలబడితే వాళ్ళ చేతుల్లోకే దించాలి. అమ్మకానికొచ్చిన ప్రతి పడవ మీదా అతను దింపేది వదిన చేతుల్లోకే. ఒక్కసారీ జారవిడవలేదు ఆవిడ.

దవడలో దగ్గరికి వెళ్ళకని మోగుతూనే ఉంది. దించాడు.

వదిన పట్టుకుంది. థాంక్యూ మనుషులు పరుగెత్తుకొచ్చేలోపు డ్రోన్ కాలికి ఏదో గబగబా కట్టింది. వాళ్ళకి కనపడేలా, చెయ్యి ఎత్తి మరీ కట్టింది. పైకి విసిరింది. గాలిపటం స్టిక్ పూర్తిగా తోశాడు. పడవ చిన్నదైంది. కింద థాంక్యూ తుపాకీ తీసి కాల్చాడు. తగల్లేదు. వదిన ఒడ్డువైపు చెయ్యి విసురుతోంది. వెళ్ళు, వెళ్ళు అంటోంది.

సరిగ్గా అప్పుడు డెంటిస్ట్ గొంతు తగ్గించి మాట్లాడాడు. "పక్క డిపార్ట్‌మెంట్ నుంచి ఇప్పుడే ఫోన్. మీ వదిన ఆ డిపార్ట్‌మెంట్ ఏజెంటట. ఎన్నాళ్ళనుంచో. మనకి చెప్పలేదు. మనమూ నీ సంగతి వాళ్ళకి చెప్పలేదనుకో. పద్ధతి అలాంటిది. అసలు కార్డు డ్రోన్ మీద పంపుతానందట. వచ్చిందా?"

ఒకసారి కొరికాడు.

"అయితే పట్టుకొచ్చెయ్! ముఠా మొత్తం అందులో ఉంది. ఏ ఊళ్ళో ఎవడు తీశాడో, ఎవడు పంపాడో అన్నీ."

మరి ఆమె? అని అడగాలి. అడగడానికి పళ్ళలో ఆ ప్రశ్న లేదు.

బ్యాటరీ చూశాడు. ఇప్పుడు తిరిగితే ఒడ్డుకి చేరుతుంది. కాసేపు ఆగితే చేరదు. కింద గొలుసు పట్టుకున్నవాడు వదిన చీలమండకి దాన్ని చుట్టబోయాడు. తలెత్తి డ్రోన్‌ని చూశాడు. ఆగాడు. థాంక్యూ ఏదో అన్నాడు. వాడు మళ్ళీ వంగాడు, మళ్ళీ తలెత్తాడు. కెమెరా చూస్తుండగా చేసే పని కాదది. ఎవరి మొహం ఎవరి టీవీలో పడుతుందో వాడికేం తెలుసు!

గాలిపటానికి ఆ ఒక్కటే తోచింది. కాపాడటానికి చేతులు లేవు, అరవడానికి గొంతు లేదు. చూడటం ఒక్కటే చేతనవుతుంది. చూస్తూ ఉంటే చాలు, వాడు వంగలేడు. అందుకని అక్కడే నిలబెట్టాడు, సరిగ్గా ఆ గొలుసు మీద, కాస్త కిందికి, మొహాలు స్పష్టంగా కనపడేంత కిందికి.

వదిన వెళ్ళమని చెయ్యి ఊపుతూనే ఉంది. అతను కదల్లేదు.

"బయల్దేరావా?"

కటకట.

"ఇది ఆర్డరు. కార్డు తీసుకురా."

కటకట.

రిమోట్ కుయ్యోమంది. బ్యాటరీ తక్కువగా ఉంది, డ్రోన్ ఇంటికి వచ్చేస్తానంటోంది. వద్దని నొక్కాడు. మళ్ళీ కూసింది, మళ్ళీ వద్దని నొక్కాడు. ప్రతి యంత్రమూ, ప్రతి గొంతూ ఆమెని వదిలి రమ్మనే చెబుతోంది. కొండవైపు చూశాడు. గస్తీ బోటు జాడ లేదు, ఎండకి మెరుస్తున్న నీళ్ళు తప్ప. అతనికి ఏడుపొచ్చింది. అంత ఎత్తున, అంత వెలుతురులో, ఇంతమంది మధ్య నిలబడి ఇంత చేతకానివాడిగా అతనెప్పుడూ లేడు.

"నీ ఉద్యోగం పోతుంది, విను..."

ఈసారి ఎంత గట్టిగా కొరికాడంటే పింగాణీ పన్ను పగిలింది. డెంటిస్ట్ గొంతు మాట మధ్యలోనే తెగిపోయింది. ఆ ముక్కల్ని అరచేతిలోకి ఊసుకున్నాడు. ఇక చెవి కూడా పోయింది.

డ్రోన్ కిందికి జారడం మొదలైంది. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే అది ఎవరి మాటా వినదు. ఉన్నచోటే దిగిపోతుంది. కింద ఉన్నది డెక్కు. థాంక్యూ నవ్వుతూ ముందుకొచ్చాడు. రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి నిలబడ్డాడు. వదిన దగ్గర చూసి నేర్చుకున్నాడు కాబోలు.

పక్కకి ఒక్క తోపు తోసే శక్తి మిగిలుంది. తోస్తే కార్డు సముద్రం పాలు. తోస్తే కెమెరా మొహం తిప్పుకుంటుంది, వదిన కనపడదు. తోయకపోతే కార్డు వాడి చేతుల్లో.

"వదినా, క్షమించండి" అని పైకే అన్నాడు. తోశాడు.

డెక్కు అంచు, రెయిలింగు, ఆకుపచ్చ నీళ్ళు. తర్వాత స్క్రీన్ నల్లబడింది. "సిగ్నల్ లేదు" అని చిన్న అక్షరాలు వచ్చాయి.

"అయిపోయిందా సార్ షూటింగు?" అన్నాడు మేస్త్రీ. "మా శ్లాబు బాగా పడిందా?"

గాలిపటం కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. మామూలు కంటికి ఆ పడవ బియ్యపు గింజంత ఉంది. ఆ గింజ మీద ఏం జరుగుతోందో ఎవరు చెప్పాలి?

* * *

సామాను ఎక్కించే లిఫ్టులో సిమెంటు బస్తాలున్నాయి. రెయిలింగులు లేని మెట్లమీద దిగి, హెల్మెట్ తీయడం మరిచిపోయి, జెట్టీ దాకా పరుగెత్తాడు. అక్కడ నిలబడటం తప్ప చేసేదేమీ లేకపోయింది. భార్యకి చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు.

చివరికి గస్తీ బోటు వచ్చింది. తడిసిన మనుషులిద్దరికి బేడీలున్నాయి. వాళ్ళ వెనక టోపీ లేని థాంక్యూ. ఇవాళ ఎవరికీ థాంక్స్ చెప్పడం లేదు. అందరికంటే చివర, దుప్పటి కప్పుకుని, వదిన.

దిగగానే చేసిన మొదటి పని అతని హెల్మెట్ మీద ఒక్కటి మొట్టడం.

"వెళ్ళమంటే వెళ్ళవేం? నువ్వు ఒడ్డుకి పారిపోతే పడవ నీ వెనకాలే తరుముకుంటూ వచ్చేది. ఇక్కడ మా వాళ్ళు కాచుకుని ఉన్నారు. ఎంత చక్కటి ప్లానో తెలుసా? అంతా పాడు చేశావు!"

"నాకెవరు చెప్పారు వదినా?"

"నేను చెయ్యి ఊపలేదూ?"

"వెళ్ళు అంటే, మీరు... మీ ప్రాణం వదులుకుంటున్నారనుకున్నాను." హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "కార్డు కూడా పోగొట్టాను. సముద్రంలోకి తోసేశాను."

వదిన స్కార్ఫు విప్పి, కొప్పులో వేలు పెట్టి, చిన్న నల్ల ముక్క బయటికి తీసింది. "ఇదీ కార్డు."

"మరి డ్రోన్‌కి కట్టింది?"

"నా లిప్‌స్టిక్ మూత. కార్డే కడదామనుకున్నాను, నీళ్ళలో పడితే పోతుందని కట్టలేదు. వాళ్ళకేం తెలుసు! అది నీళ్ళలో పడగానే గొలుసు వదిలేసి ఇద్దరూ దూకారు. ఆ పెద్దమనిషి రెయిలింగు పట్టుకుని వంగి, అటు వెతకండి, ఇటు వెతకండి అని అరుస్తున్నాడు. బోటు వచ్చి ఆనుకునేదాకా ఎవరూ తలెత్తలేదు. నా కాలికి గొలుసు ఒక చుట్టు పడింది మరిదీ. రెండోది పడలేదు."

నవ్వుతూనే చెప్పింది. కానీ దుప్పటి వదిలి అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పైన ఆ రొద వినపడుతూనే ఉంది" అంది మెల్లగా. "పోలేదు, ఉన్నాడు అనుకుంటూ నిలబడ్డాను. అది ఆగిపోయినప్పుడు మాత్రం చాలా భయమేసింది."

దూరంగా హార్బరు నోటిదగ్గర నల్లని వీపు ఒకటి నీళ్ళమీద తేలి, నిదానంగా లోతులోకి జారి, తన దారిన తాను పోయింది.

* * *

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర భార్య ఇద్దరికీ వడ్డించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"డ్రోన్ ఏదండీ?"

"సముద్రంలో పడింది."

"ఎలా పడింది?"

"గాలికి కొట్టుకుపోయింది" అన్నాడు గాలిపటం.

"బ్యాటరీ అయిపోయింది" అంది వదిన, సరిగ్గా అదే క్షణంలో.

భార్య అక్కని చూసింది. మొగుణ్ణి చూసింది. కుర్చీ లాక్కుని ఇద్దరికీ ఎదురుగా కూర్చుంది. "సరే. మొదటినుంచి చెప్పండి. ఒక్కొక్కరే."

విదేశీ ముఠాని నీళ్ళలో దూకించిన రెండు డిపార్ట్‌మెంట్లూ, ఇంటికొచ్చే దారిలో ఒక్క అబద్ధాన్ని కలిసి అనుకోవడం మరిచిపోయాయి.